అరిగిన మోకాలు, అమర్చిన మోకాలు

మానవదేహభారమును మోయుచు, ముడుచుచు, చాచుచు, పుట్టినది మొదలు విశ్రాంతి యెఱుగక పాటుపడు సంధులలో మోకాలు ముఖ్యమైనది. సమతలమైన నేలపై నింపాదిగా నడచునప్పుడు సైతము అడుగడుగునకు దేహభారమునకు రెండు మూడు రెట్ల బరువు దానిపై పడును. మెట్లెక్కునప్పుడును దిగునప్పుడును ఆ బరువు మరింత హెచ్చును. అందునా నేలయే ఆసనముగా, నేలయే భోజనశాలగా, నేలయే పూజామందిరముగా తరతరములు జీవించిన మన తెలుగునాట మోకాలిని నిండుగా మడచుట నిత్యకృత్యము. వాకిట ముగ్గు పెట్టు గృహిణి, వరిమడిలో నాట్లు వేయు కూలి, గొంతుకూర్చుండి కలుపు తీయు రైతుపడుచు, బాసిపట్టు వేసికొని పురాణము చదువు వృద్ధుడు, వీరందరును దినమున కెన్నిమార్లు మోకాళ్ళను పరీక్షకు పెట్టుదురో లెక్కింపలేము. అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిదారిలో 3,500కు పైగా మెట్లు కలవు. వానిలో నిలువుగా లేచిన భాగమునకు మన పెద్దలు మోకాళ్ళ మెట్టు అని పేరిడిరి. అచ్చట యువకులు సైతము మోకాలిపై చేయి మోపి ఊపిరి తీసికొందురు. సంధివాతము ముదిరినవారికి ఇంటి ముంగిటి రెండు మెట్లే అంతటి దుర్గమములు.

ఈ వ్యాధిగ్రస్తుల దినచర్యను దగ్గర నుండి చూచినవారికి గాని దీని క్రౌర్యము తెలియదు. ఉదయమున మంచము దిగుటకు ముందు కొంతసేపు కాలు చాచుచు ముడుచుచు సంధిని వదులు చేసికొనవలయును. స్నానాల గదికి గోడ పట్టుకొని పోవలయును. కుర్చీలో కూర్చుండినచో రెండు చేతులతో ఊతగొని గాని లేవరాదు. పెండ్లికి పిలుపు వచ్చినచో మంటపము మేడమీద నున్నదా, భోజనములు కుర్చీలపైననా యని ముందుగా విచారించుకొని, తుదకు పోవుటయే మానుకొందురు. నడక తగ్గుటతో ఒళ్ళు పెరుగును, ఒళ్ళు పెరుగుటతో నొప్పి హెచ్చును, తొడకండరములు క్షీణించును, మధుమేహమును రక్తపోటును అదుపు తప్పును. కాళ్ళు క్రమముగా వంగి దొడ్డికాళ్ళగును. మునుపు నడచినప్పుడు మాత్రమే కలుగు నొప్పి కొంతకాలమునకు పడుకొన్నప్పుడును విడువక నిద్రను హరించును. ఇంతయు జరుగుచుండగా ఇంటిలోనివారు 'వయసు మీద పడినది, నొప్పులు మామూలే' యని ఊరడింతురు. ఆ ఊరడింపే పెక్కుమందికి చికిత్సను దూరము చేసిన దన్నను తప్పు లేదు.

ఇతరోపాయములన్నియు విఫలమైనప్పుడు ఇట్టివారికి నేటి శస్త్రవైద్యము చూపు మార్గము సంధి మార్పిడి. ఇది పరీక్షకు నిలిచిన చికిత్స. తుంటి కీలు మార్పిడిని ఇరువదవ శతాబ్దపు మేటి శస్త్రచికిత్సగా 'లాన్సెట్' వైద్యపత్రిక 2007లో ఒక వ్యాసమున కొనియాడెను. అయినను దీని విషయమున మన సమాజమున రెండు దోషములు సమానముగా వ్యాపించియున్నవి. మొదటిది భయము: మోకాలు కోసినచో మంచమున పడుదుమని యెంచి పది పదునైదేండ్లు నరకయాతన పడుట. రెండవది తొందర: ఎక్స్‌రేలో కొంత అరుగుదల కనబడగనే, ప్రకటన చూచియో పొరుగింటివారి మాట వినియో, కత్తికి కాలు నొప్పగించుట. ఈ రెండింటి నడుమ యుక్తమైన సమయమును గుర్తించుటయే ఈ చికిత్సకు ప్రాణము.

మోకాలియందు తొడయెముక క్రిందికొన, కాలియెముక పైకొన, ముందువైపున చిప్ప అను మూడును కలియును. ఇవి యొకదానినొకటి రాచుకొను తావుల నెల్ల తెల్లగా, నున్నగా మెరయు మృదులాస్థి యను పొర కప్పియుండును. జనులు 'గుజ్జు' అనునది దీనినే. దాని మందము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. దానికి నాడులు లేవు, రక్తనాళములును లేవు. నాడులు లేమిచే అది అరుగుచున్నట్లు తొలినాళ్ళలో మనకు తెలియదు; రక్తనాళములు లేమిచే ఒకమారు అరిగినది మరల పూర్వస్థితికి రాదు. ఆ అరుగుదల యెముక వరకు పోయి, సంధికోశపు లోపొర వాచి, అంచుల యందు ఎముక ముళ్ళవలె పెరిగిన పిమ్మట నొప్పి ప్రబలమగును. వయస్సు, స్థూలకాయము, వంశపారంపర్యము, పూర్వము తగిలిన దెబ్బలు దీనికి ముఖ్యకారణములు; ఏబదియేండ్లు దాటిన స్త్రీలలో ఇది పురుషులకంటె అధికము.

సంధులను పాడుచేయు వ్యాధి యిది యొక్కటియే కాదు. శరీరపు రక్షణశక్తియే దారి తప్పి సంధికోశముపై దాడి చేయుటచే కలుగు కీళ్ళవాతము వేరు. అది చిన్నవయస్సునను రావచ్చును, వ్రేళ్ళ కణుపులను ముందుగా పట్టును, మందులతో చాలవరకు అదుపులో నుండును. మన ప్రాచీనవైద్యులును ఈ భేదమును గమనించిరి: చరకసంహిత సంధిగతవాతమును, గాలి నిండిన తోలుతిత్తిని తాకినట్లుండు వాపుతోను, చాచి ముడుచునప్పటి వేదనతోను వర్ణించినది, మాధవనిదానము ఆమవాతమునకు ప్రత్యేకాధ్యాయమును కేటాయించినది. త్రాగునీటి ఫ్లోరైడువలన ఎముకలు గట్టిపడి, సంధిబంధనములు సున్నముదేరి బిగిసిపోవు వ్యాధి మరియొకటి. 1937లో నెల్లూరు జిల్లానుండి వైద్యలోకమునకు తెలిసి, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో వేలమందిని వంచిన ఆ వ్యాధికి మోకాలొక్కటి మార్చినంత మాత్రమున విమోచనము లేదు. కావున మొదట చేయవలసినది రోగనిర్ణయము. ఏ కారణమున సంధి చెడినదో తెలియక చికిత్స నిర్ణయింపరాదు.

అరుగుదల వ్యాధియే యని తేలినను శస్త్రచికిత్స తుదిమెట్టే కాని తొలిమెట్టు కాదు. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని పరిశోధకులు కనుగొనిరి. ఇంత లాభసాటి బేరము వైద్యమున మరియొకటి అరుదు. తొడముందు కండరములను బలపరచు వ్యాయామము మోకాలికి సహజమైన ఊతము. చేతికఱ్ఱను నొప్పిగల కాలివైపు గాక రెండవవైపు చేతితో పట్టినచో ఎక్కువ ఉపశమనము కలుగును; ఈ చిన్న సంగతి తెలియక విపరీతముగా పట్టువారే పెక్కురు. నొప్పి మాత్రలు కొలదిరోజులకు మేలు చేయును గాని, ఏండ్ల తరబడి వైద్యుని యడుగక మ్రింగినచో కడుపునకును మూత్రపిండములకును చేటు. సంధిలోనికి ఇచ్చు స్టెరాయిడ్ సూదిమందు కొన్ని వారములు ఉపశమనమిచ్చును, గుజ్జును తిరిగి పెంచదు. ఇక సంతలలో అమ్ము పేరులేని పొడుల విషయమై పాఠకులు మిక్కిలి జాగరూకులై యుండవలెను. అట్టివానిలో స్టెరాయిడ్లు కలిసియుండి, మొదట అద్భుతమనిపించి, పిదప ఎముకలను గుల్లచేసి, మధుమేహమును రేపిన ఉదాహరణములు వైద్యులకు సుపరిచితములు. మోకాలి లోపలిసగము మాత్రమే అరిగిన మధ్యవయస్కులకు కాలియెముకను కొంత కోసి వంకర సరిచేయుటయో, చెడిన సగమును మాత్రమే మార్చుటయో తగియుండవచ్చును.

కృత్రిమసంధి నేటి స్థితికి వచ్చుట యొక దీర్ఘమైన కథ. 1890 ప్రాంతమున బెర్లిన్ నగరమున థెమిస్టొక్లిస్ గ్లుక్ అను వైద్యుడు క్షయచే చెడిన మోకాళ్ళలో ఏనుగుదంతముతో చేసిన కీలు అమర్చిచూచెను. క్రిములు చేరుటచే ఆ ప్రయత్నము నిలువలేదు. 1960లో బర్మాదేశమున సాన్ బా అను శస్త్రవైద్యుడు తుంటియెముక విరిగినవారికి ఆ దంతముతోనే గుండు చెక్కి అమర్చి నడిపించెను. కాని లోకమంతట నిలిచిన పద్ధతికి మూలపురుషుడు ఇంగ్లండున లాంకషైర్ మండలములో రైటింగ్టన్ ఆసుపత్రియందు పనిచేసిన జాన్ చార్న్‌లీ. పూర్వము క్షయరోగుల కొరకు వెలసిన ఆ ఆసుపత్రిలో తుంటికీలుపై ఆయన చేసిన సాధన, సత్యనిష్ఠ యెట్టిదో తెలుపు చరిత్ర.

అప్పటి ప్లాస్టిక్ గుండు అమర్చుకొన్న రోగి యొకడు కదలినప్పుడెల్ల తుంటి కీచుమని మ్రోయుట చార్న్‌లీ దృష్టికి వచ్చెను. ఆ ధ్వని ఘర్షణకు గురుతనియు, ఘర్షణయే కృత్రిమసంధిని వదులు చేయుచున్నదనియు ఆయన గ్రహించెను. కావున చిన్న లోహపుగుండు, దానికి నునుపైన గిన్నె, రెండింటిని ఎముకలో నిలుపుటకు దంతవైద్యులు వాడు ఆక్రిలిక్ సిమెంటు అను మూడింటిని జోడించెను. గిన్నెకు మొదట టెఫ్లాన్ ఎన్నుకొనెను. రోగులు నొప్పి మరచి నడచిరి, కీర్తి వచ్చెను. కాని రెండు మూడేండ్లలోనే టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టునున్న కండను పుండు చేసెను. అట్టి గిన్నె అమర్చుకొన్నవారు సుమారు 300 మంది. చార్న్‌లీ ఈ వైఫల్యమును దాచలేదు. ఆ రోగులను తానే పిలిపించుకొని మరల శస్త్రచికిత్సలు చేసెను. టెఫ్లాన్ ముక్కలను తన తొడ చర్మము క్రిందనే పెట్టించుకొని దాని దుష్ఫలితమును స్వయముగా పరిశీలించెను.

1962లో ఒక వర్తకుడు బట్టలమిల్లుల యంత్రములకు వాడు పాలిఎథిలీన్ అను గట్టి ప్లాస్టిక్ ముక్కను ఆసుపత్రి కర్మశాలకు తెచ్చెను. చార్న్‌లీ దానిని గోటితో గీకి పనికిరాదని త్రోసిపుచ్చెను. అయినను కర్మశాలలోని సహాయకుడు హారీ క్రేవన్ దానిని అరుగుదల యంత్రమునకు బిగించి, గురువు ఊరలేని సమయమున పగలును రాత్రియు నడిపించెను. వారములు గడచినను అది టెఫ్లాన్ ఒక్కదినమున అరుగునంత కూడ అరుగలేదు. ఊరినుండి వచ్చిన చార్న్‌లీ తన మాటను పట్టుకొని వ్రేలాడక, యంత్రము చెప్పిన మాటను అంగీకరించెను. ఆ యేడాది నవంబరులోనే ఆ గిన్నెను రోగులకు అమర్చ మొదలిడెను. అంతటితో నిలువక, శస్త్రశాలలోని గాలిని శుద్ధిచేసి రోగిపైకి ప్రవహింపజేయు ఏర్పాటును కల్పించి, నూటికి ఏడు ప్రాంతమున నుండిన క్రిమిదోషమును ఒకటికి లోబడునట్లు తగ్గించెను. కొన్నేండ్ల ఫలితములు చూచిన పిమ్మటనే ఇతర వైద్యులకు తన పరికరములు చేరనిచ్చెను. మరణానంతరము తమ కృత్రిమసంధిని పరీక్షకై యిచ్చుటకు ఆయన రోగులు పెక్కుమంది అంగీకరించిరి. వైద్యుడు సత్యము చెప్పగా రోగి యెంతటి సహకారమునైనను చేయునని దీనివలన తెలియుచున్నది.

తుంటి గుండ్రనిది కావున దాని సమస్య ముందుగా తీరెను. మోకాలు తలుపుబందు వంటిది కాదు. అది మడచునప్పుడు దొరలును, జారును, కొంచెము తిరుగును. బందులవలె చేసిన తొలినాటి కృత్రిమ మోకాళ్ళు అందుచేతనే వదులై ఊడిపోయెను. 1960ల చివర రైటింగ్టన్‌లోనే ఫ్రాంక్ గన్‌స్టన్ అను కెనడా వైద్యుడు మోకాలి సహజగతిని అనుసరించు నమూనా చేసెను. 1974 ప్రాంతమున న్యూయార్కు నగరమున జాన్ ఇన్‌సాల్, చిత్తరంజన్ రాణావత్, పీటర్ వాకర్ మున్నగువారు కలిసి రూపొందించిన మోకాలు నేటి నమూనాలకు చాలవరకు మాతృక. వీరిలో రాణావత్ భారతీయుడు. 2000లో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడమ మోకాలిని, మరుసటియేడు కుడి మోకాలిని ముంబయిలో మార్చినది ఆయనయే. ఆ వార్తలతో ఈ చికిత్స మన దేశమున సామాన్యుల నోటను నానెను.

మోకాలు మార్చుట యనగా సంధినంతయు పెకలించి మరియొకటి పెట్టుట యని పెక్కుమంది భయపడుదురు. అది పొరపాటు. పుచ్చిన పంటిని పైపైన చెక్కి తొడుగు వేసినట్లే, ఇచ్చట చెడిన ఉపరితలమును మాత్రము తొలగించి నూతన ఉపరితలమును తొడుగుదురు. సాధారణముగా వెన్నులో మత్తుమందిచ్చి నడుము క్రిందిభాగమును స్పర్శారహితము చేయుదురు. మోకాలిముందు జానెడు కోతతో సంధిని తెరచి, చిప్పను ప్రక్కకు త్రిప్పి, తొడయెముక కొనను, కాలియెముక తలను పలుచని పలకలుగా కోయుదురు. ఆ పలకల మందము చాలవరకు ఒక సెంటీమీటరు మాత్రమే. తుంటి నడుమనుండి చీలమండ నడుమకు గీచిన సరళరేఖ మోకాలి నడుమగా పోవునట్లు కోత కోణమును నిర్ణయించుటలోనే వైద్యుని నేర్పున్నది. ఆ రేఖ నిలిచినప్పుడే వంకరకాలు తిన్ననగును.

కోత ముగిసిన వెంటనే అసలు భాగములు అమర్చరు. మొదట అదే ఆకారముగల నమూనా భాగములను పెట్టి, కాలిని చాచి ముడిచి, లోపలివైపునను వెలుపలివైపునను బంధనములు సమానముగా బిగిసియున్నవో లేదో వ్రేళ్ళతో చూచెదరు. ఒకవైపు బిగువైనచో దానిని కొంచెము వదలుదురు. నడుమనుండు ప్లాస్టిక్ పలకను ఒకటి రెండు మిల్లీమీటర్లు మందము మార్చి మరల చూతురు. ఈ తూకము సరిగా కుదిరినప్పుడే రోగికి రేపటినాడు మోకాలు తనదిగా తోచును. పిదప కోబాల్ట్-క్రోమియం లోహపు తొడుగును తొడయెముకకును, లోహపు పీఠమును కాలియెముకకును సిమెంటుతో నిలిపి, నడుమ పాలిఎథిలీన్ పలకను బిగింతురు. సిమెంటు కొద్ది నిమిషములలో గట్టిపడును. ఒక్క మోకాలికి గంటనుండి రెండు గంటలు పట్టును. రోబో సహాయమున ఎముక కోతలు సూక్ష్మముగా కోయవచ్చుననుట నిజమే. అయినను దీర్ఘకాలిక ఫలితములలో అది సాధారణపద్ధతిని మించినదని ఇంకను నిరూపితము కాలేదు. అనుభవజ్ఞుడైన వైద్యుని చేయియే ప్రధానమని పాఠకులు గ్రహింతురు గాక.

శస్త్రవైద్యుని పని ముగిసినచోట రోగి పని ఆరంభమగును. ఆ సాయంకాలమో మరునాడో వాకర్ పట్టుకొని నిలుచుండి నాలుగడుగులు వేయింతురు. రక్తము గడ్డకట్టకుండుటకు ఇదియు నొక ఔషధమే. పాదమును పైకి క్రిందికి ఆడించుట, మోకాలిని పరుపునకు నొక్కి తొడకండరమును బిగించి అయిదంకెలు లెక్కించి వదలుట, మడమను పరుపుపై జార్చుచు కాలు ముడుచుట ఇవి మొదటి వారముల పాఠములు. ఈ దశలో ఇంటివారు ప్రేమతో చేయు తప్పొకటి కలదు: నొప్పి తగ్గునని మోకాలి క్రింద దిండు పెట్టుదురు. అది క్షణసుఖమిచ్చి, సంధిని వంగిన స్థితిలోనే బిగియజేయును. దిండు పెట్టవలసినది మడమ క్రింద. ముడుచుట యెంత అవసరమో నిండుగా చాచుటయు అంతే అవసరము. చాపు రానికాలు జీవితాంతము కుంటుచుండును. రెండు వారములకు కుట్లు తీయుదురు. ఆరు వారములకు సామాన్యమైన పనులు చేసికొనవచ్చును. పూర్తి ఫలితము తెలియుటకు ఏడాది పట్టవచ్చును. గాయపు ప్రక్కన కొంత తిమ్మిరి, కొన్ని మాసములు వెచ్చదనము, అప్పుడప్పుడు టక్కుమను ధ్వని ఉండుట సహజము.

ప్రమాదములను దాచి చెప్పు గుణగానము పాఠకులకు అపకారమే. మిక్కిలి భయంకరమైనది క్రిమిదోషము. నూటికి ఒకరిద్దరి యందు అది సంభవించును. లోహమును పట్టుకొన్న క్రిములకు మందులు చాలవరకు అందవు. ఒక్కొక్కప్పుడు అమర్చినదానిని తీసివేయవలసి వచ్చును. అందుచేతనే చక్కెరవ్యాధిని అదుపులో పెట్టుట, పుచ్చుపండ్లను, చర్మపు పుండ్లను, మూత్రదోషమును ముందుగా నయము చేసికొనుట, పొగత్రాగుట మానుట అనునవి శస్త్రచికిత్సలో భాగములే యని తలపవలయును. పిక్క వాచి నొప్పి పుట్టినను, ఆయాసము కలిగినను తడయక వైద్యుని యొద్దకు పోవలెను. మార్చిన మోకాలు చాలవరకు 110 నుండి 120 డిగ్రీల వరకు మడత పడును. అది కుర్చీకి, మెట్లకు, నడకకు చాలును. గొంతుకూర్చుండుట, నేలపై బాసిపట్టు వేయుట మాత్రము చాలామంది విడువవలసియుండును. ఇది మన జీవనవిధానమునకు చిన్న త్యాగము కాదు. ఈ మాటను వైద్యుడు ముందుగనే చెప్పవలెను, రోగి ముందుగనే వినవలెను.

కృత్రిమసంధి యెన్నాళ్ళు మన్నునని అందరు నడుగుదురు. స్వీడన్ దేశము 1975లోనే మార్చిన మోకాళ్ళను జాతీయస్థాయిలో నమోదు చేయ నారంభించెను. అట్టి నమోదుపట్టికలను ఆధారముగా గొని 2019లో వెలువడిన పరిశోధన, మార్చిన మోకాళ్ళలో నూటికి 82 ఇరువదియైదేండ్లు నిలుచునని తేల్చినది. ఆస్ట్రేలియా పట్టిక 2007లోనే ఒక లోహపు తుంటికీలు తరచు విఫలమగుచున్నట్లు హెచ్చరించెను. 2010లో తయారీదారులు దానిని ప్రపంచమంతటను ఉపసంహరించుకొనిరి. అప్పటికి మన దేశమునను అది వేలమందికి అమర్చబడియుండెను. లెక్క వ్రాయుట వైద్యమున ఎంతటి రక్షణయో ఇందువలన విశదము.

మరియొక సత్యమును కలదు. మోకాలు మార్చుకొన్నవారిలో సుమారు అయిదుగురిలో ఒకరు తాము ఆశించినంత సంతృప్తి పొందలేదని చెప్పుచున్నారు. అరుగుదల స్వల్పముగా నుండగానే తొందరపడి చేయించుకొన్నవారిలో ఈ అసంతృప్తి అధికమని పరిశీలనలు తెలుపుచున్నవి. మరియొకవైపున, నడక పూర్తిగా పడిపోయి, కండరములు కృశించి, సంధి బిగిసిన పిమ్మట చేయించుకొన్నవారు ముందుగా చేయించుకొన్నవారితో సమానమైన శక్తిని తిరిగి పొందజాలరు. తొందర, భయము అను రెండును దోషములని నేను మొదట వ్రాసినది ఇందుచేతనే. యుక్తసమయమును తెలుపునది ఎక్స్‌రే యొక్కటియే కాదు. అరుగుదల చిత్రమున స్పష్టముగా కనబడవలెను; మందులు, వ్యాయామము, బరువుతగ్గింపు కొన్ని మాసములు శ్రద్ధగా పాటించినను ఫలము లేకుండవలెను; నొప్పి నిద్రను, నడకను, స్వతంత్రజీవనమును హరించుచుండవలెను. ఈ మూడును కూడినప్పుడు వెనుదీయుట తగదు; ఈ మూడింటిలో ఒకటి లోపించినను త్వరపడుట తగదు.

వ్యయమును గూర్చి ఒకమాట. 2017 ఆగస్టుకు పూర్వము కృత్రిమ మోకాలి వెల లక్షన్నర దాటియుండెడిది. ఆ నెలలో జాతీయ ఔషధ ధరల నిర్ణయసంస్థ గరిష్ఠపు వెలలను శాసించి, ఎక్కువగా వాడుకలోనున్న కోబాల్ట్-క్రోమియం మోకాలికి పన్నుగాక 54,720 రూపాయలు నిర్ణయించెను. ఇది పరికరపు వెల మాత్రమే. ఆసుపత్రి, వైద్యుడు, మందులు, వ్యాయామశిక్షణ వేరు. కావున అన్నియు కలిపి ఎంతయగునో వ్రాతమూలముగా అడుగుట, తనకు వర్తించు ప్రభుత్వపథకమో బీమాయో ఉన్నదేమో ముందే విచారించుట, అమర్చిన పరికరపు పేరును సంఖ్యను తెలుపు చీటిని భద్రపరచుకొనుట రోగి హక్కులు. మీరు ఏటా ఇట్టివి ఎన్ని చేయుదురు? నాకు సగము మార్పు చాలునా? రెండు కాళ్ళును ఒకేమారు చేయుటకు నా గుండె తట్టుకొనునా? క్రిమిదోషము కలిగినచో ఏమి చేయుదురు? ఇట్టి ప్రశ్నలకు విసుగక బదులు చెప్పు వైద్యునే నమ్మదగును.

ఇంటింటను పెద్దవారి మోకాళ్ళు, అందునను తల్లుల మోకాళ్ళు, అడుగువారు లేక అరుగుచున్నవి. మంచినీళ్ళ బిందె మోసి, పిల్లల నెత్తి, పంటచేలలో వంగి ఏబది యేండ్లు శ్రమించిన స్త్రీ తన నొప్పిని తానే చిన్నచేసి చెప్పుకొనును. డబ్బు ఖర్చని, బిడ్డలకు శ్రమయని దాచుకొనును. ఆమెను వైద్యుని యొద్దకు తోడ్కొని పోవుట, ఆయన చెప్పినది ఆమెకు బోధపడునట్లు తిరిగి చెప్పుట, శస్త్రచికిత్స అవసరమైనచో పిదప ఆరువారములు పూటపూట వ్యాయామమునకు ప్రక్కన నిలుచుట బిడ్డల కర్తవ్యము. శస్త్రచికిత్స అవసరము లేదని తేలినను ఆ ప్రయాణము వ్యర్థము కాదు. బరువు తగ్గుట, కండరములు బలపడుట, కఱ్ఱ సరిగా పట్టుట నేర్చుకొన్నను ఆమె నడక కొన్నేండ్లు నిలుచును. వార్ధక్యము ప్రకృతిసిద్ధము, నడవలేని వార్ధక్యము మాత్రము విధిగా అంగీకరింపవలసినది కాదు.